జన్యుపరీక్ష చెప్పే వంశం – ధర్మం అడిగే బాధ్యత

గత రమజాన్‌లో ఒకరోజు జొహర్ నమాజు తర్వాత ఒక యువకుడు మస్జిదులో మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. అమెరికాలో ఉద్యోగం చేస్తూ సెలవు మీద ఇంటికి వచ్చిన కుర్రవాడు. సలాము చెప్పి, జేబులోంచి ఫోను తీసి మా ముందు పెట్టాడు. తెర మీద రంగురంగుల చక్రం ఒకటి, దాని పక్కన కొన్ని అంకెలు ఉన్నాయి.

“హజ్రత్! ఇది నా డీఎన్ఏ పరీక్ష ఫలితం. ఉమ్మిని ఒక గొట్టంలో పట్టి పంపితే ఇలా వచ్చింది. తొంభై శాతానికి పైగా దక్షిణ భారతం అంటోంది. పశ్చిమాసియా అని ఉన్నది మూడే మూడు శాతం. మా ఇంటి గోడ మీద తాతగారి కాలం నాటి షజరా ఉంది. మా పెద్దలు అరబ్బు దేశం నుంచి వచ్చారని ఆ వంశవృక్షంలో రాసి ఉంది. ఇప్పుడు ఆ షజరా అబద్ధమా? ఈ పరీక్ష అబద్ధమా?” అని అడిగాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. దానికి కారణం శాస్త్రం తెలియకపోవడం ఒక్కటే కాదు. రెండేళ్ల క్రితం ఈ కుర్రవాడి చెల్లెలికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి చదువుకున్నవాడు, ఉపాధ్యాయుడు, నమాజు తప్పనివాడు. అయితే వారిది దూదేకుల కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. “మన నసబ్ ఎక్కడ, వాళ్లదెక్కడ!” అని తండ్రిగారు ఆ సంబంధాన్ని తిప్పి పంపారు. పంపే ముందు మమ్మల్ని సలహా అడిగారు కూడా. “కుఫూ చూసుకోవడానికి షరీఅతులో అవకాశం ఉంది” అని ఒక్క ముక్క చెప్పి మేము తప్పుకున్నాము. చెప్పవలసిన మిగతా మాట చెప్పలేదు. పెద్దమనిషి నొచ్చుకుంటారని వెనుకాడాము. కాబట్టి ఈ వ్యాసం ఆ యువకుడికి జవాబు మాత్రమే కాదు, మా మీద ఉండిపోయిన బాకీ కూడా.

ఈ పరీక్ష చేసేదేమిటి?

అల్లాహ్ మనిషి జీవకణంలో సుమారు 300 కోట్ల అక్షరాల పొడవున్న ఒక రాతను నిక్షిప్తం చేశాడు. దానినే డీఎన్ఏ అంటున్నాము. ప్రపంచంలో ఏ ఇద్దరిని తీసుకున్నా ఆ రాతలో ప్రతి వెయ్యి అక్షరాలకు దాదాపు 999 ఒకేలా ఉంటాయి. పరీక్ష చేసే కంపెనీలు మొత్తం రాతను చదవవు. మనిషికీ మనిషికీ తేడా తరచుగా కనిపించే కొన్ని లక్షల చోట్లను మాత్రమే చదువుతాయి. తర్వాత ఆ తేడాలను, వేర్వేరు ప్రాంతాల ప్రజల నుంచి ముందే సేకరించి పెట్టుకున్న నమూనాలతో కంప్యూటరులో పోల్చి చూస్తాయి.

ఈ పోలికకు శాస్త్రవేత్తలు ప్రత్యేకమైన సాధనాలు తయారుచేశారు. 2000లో ప్రిచర్డ్, స్టీఫెన్స్, డానెలీ అనే ముగ్గురు ‘స్ట్రక్చర్’ అనే పద్ధతిని ప్రకటించారు. 2009లో అలెగ్జాండర్, నొవెంబ్రే, లాంగె అనేవారు ‘అడ్మిక్చర్’ అనే మరింత వేగవంతమైన పద్ధతిని తెచ్చారు. ఒక మనిషి డీఎన్ఏలో ఏ సమూహం పోలిక ఎంత పాలు ఉందో ఇవి లెక్కగట్టి చెబుతాయి. కలయిక ఎప్పుడు జరిగిందో అంచనా కట్టే మార్గం కూడా ఉంది. రెండు జాతులవారు ఈమధ్య కలిస్తే వారి సంతానంలో ఒక్కో వైపు డీఎన్ఏ పొడవైన ముక్కలుగా కనిపిస్తుంది. తరాలు గడిచేకొద్దీ ఆ ముక్కలు తెగి చిన్నవవుతాయి. ముక్కల పొడవును బట్టి కాలాన్ని లెక్కిస్తారు. 2014లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ విధంగానే ప్రపంచంలోని 95 సమూహాలను పరిశీలించి, గడచిన 4,000 సంవత్సరాలలో జరిగిన 100కు పైగా కలయికలను గుర్తించింది.

ఇది నిజంగా గొప్ప విద్య. దీనిని తేలికగా తీసిపారేయడం మా ఉద్దేశం కాదు. భాషల్లో, వర్ణాల్లో ఉన్న వైవిధ్యాన్ని జ్ఞానులకు సూచనగా ఖుర్‌ఆన్ (రూమ్ సూరా, 22వ వాక్యం) పేర్కొన్నది. ఆ సూచనను చదవడానికి ఇదీ ఒక మార్గమే. అయితే ఏ సాధనానికైనా హద్దులుంటాయి. వాటిని తెలుసుకోకుండా దాని మాట మీద తీర్పులు చెప్పుకోవడం జ్ఞానం అనిపించుకోదు.

శాతాల వెనుక ఉన్న సంగతి

మొదటి హద్దు ఇది. నమూనాలన్నింటినీ ఎన్ని రాశులుగా విడదీయాలో ‘స్ట్రక్చర్’, ‘అడ్మిక్చర్’ వంటి పద్ధతుల్లో ముందుగా మనిషే చెప్పాలి. 2002లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధనలో 52 సమూహాలకు చెందిన 1,056 మందిని ఇలా పరిశీలించారు. అయిదు రాశులు చేయమంటే కంప్యూటరు దాదాపు ఖండాల వారీగా విడదీసింది. ఆరు చేయమంటే ఆరవ రాశిగా పాకిస్తాన్‌లోని చిత్రాల్ లోయల్లో ఉండే కలాష్ అనే చిన్న తెగ బయటపడింది! మానవజాతిలో ఆరవ మహాజాతి కలాష్ అని దీని అర్థమా? కానే కాదు. ఒక చిన్న సమాజం చాలాకాలం తమలో తామే వివాహాలు చేసుకుంటే దాని డీఎన్ఏ అలా ప్రత్యేకంగా కనిపిస్తుంది. మనుషుల మధ్య ఉన్న జన్యు భేదాల్లో 93 నుంచి 95 శాతం ఒకే సమూహంలోని వ్యక్తుల మధ్యనే ఉన్నాయని కూడా అదే పరిశోధన తేల్చింది. అంటే ‘వారు వేరు, మనం వేరు’ అని మనం గీసుకునే గీతకు ఇవతల ఉన్న తేడాలే ఎక్కువ.

రెండవ హద్దు నమూనాలది. ఒక వంటవాడు మసాలా పొడిని నాలుక మీద వేసుకుని లవంగం ఇంత, చెక్క ఇంత అని చెప్పగలడు. కానీ తాను ఎన్నడూ రుచి చూడని దినుసు అందులో ఉంటే, దానికి దగ్గరగా తనకు తెలిసిన దినుసు పేరే చెబుతాడు. ఈ పరీక్షలదీ అదే పరిస్థితి. మీ డీఎన్ఏకు దగ్గర పోలిక తమ వద్దనున్న నమూనాల్లో ఎవరితో కనిపిస్తే వారి పేరే చెబుతాయి. పైన చెప్పిన 2002 పరిశోధనలో పాకిస్తాన్ ప్రజలు ఉన్నారు కానీ మన దేశ ప్రజల సమూహం ఒక్కటి కూడా లేదు. తర్వాత 2015లో పూర్తయిన ‘వెయ్యి జన్యుక్రమాల’ అంతర్జాతీయ ప్రాజెక్టులో తెలుగువారి సమూహం చేరింది. పరిశోధకులు నేటికీ విరివిగా వాడే ఆ నమూనా ఎవరిదో తెలుసా? బ్రిటన్‌లో నివసిస్తున్న సుమారు వంద మంది తెలుగువారిది! కోట్ల మంది తెలుగువారికి ఆ వంద మంది ప్రతినిధులయ్యారు. ఇది మోసం కాదు. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా! అయితే ‘తొంభై శాతం దక్షిణ భారతం’ అనే మాట వెనుక ఇటువంటి ఏర్పాటు ఉందని మనం గుర్తుంచుకోవాలి. ఆ శాతం చెప్పేది నేడు జీవించి ఉన్న మనుషులతో మీకున్న పోలికను. చనిపోయిన మీ ముత్తాతల పేర్లను కాదు.

షజరా సంగతి

ఇక ఆ యువకుడి అసలు ప్రశ్నకు వద్దాము. అతని షజరా నిజమా, కాదా? ఈ పరీక్ష దానిని నిరూపించనూ లేదు, కొట్టివేయనూ లేదు.

కొంచెం లెక్క వేద్దాము. మనకు తల్లిదండ్రులు ఇద్దరు, తాతలూ అవ్వలూ నలుగురు. ఇలా రెట్టింపు చేస్తూ పోతే పది తరాల వెనుక 1,024 స్థానాలు ఉంటాయి. ఇరవై తరాల వెనుక పది లక్షలకు పైగా, ముప్ఫయి తరాల వెనుక వంద కోట్లకు పైగా అవుతాయి. ముప్ఫయి తరాలంటే సుమారు ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్లు. అప్పుడు భూమి మీద మొత్తం జనాభాయే వంద కోట్లు లేదు! అంటే ఒకే పూర్వీకుడు మన వంశవృక్షంలో అనేక కొమ్మల మీద మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. మన కొమ్మలూ, మనం పరాయివారనుకునే వారి కొమ్మలూ కొంతదూరం వెనక్కి వెళితే ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి.

ఇంకొక వింత ఉంది. ప్రతి తరంలోనూ తండ్రి డీఎన్ఏలో సగం, తల్లి డీఎన్ఏలో సగం మాత్రమే బిడ్డకు చేరుతుంది. అందువల్ల పది తరాల వెనుకటి పూర్వీకుల్లో దాదాపు సగం మంది డీఎన్ఏ మనలో చిన్న ముక్క కూడా మిగిలి ఉండదు. వారు నిజంగా మన పూర్వీకులే, కానీ వారి జాడ ఈ పరీక్షకు అందదు. అలాంటప్పుడు పద్నాలుగు శతాబ్దాల నాటి ఒక మహనీయుని సంతతిని ఈ శాతాల్లో వెతకడం ఇసుకలో నీటిబొట్టును వెతకడం వంటిదే.

తండ్రి నుంచి కొడుకుకు దాదాపు మార్పు లేకుండా చేరే ‘వై’ క్రోమోజోము అనేది వేరుగా ఉంది. దానితో ఒకే ఒక్క పితృరేఖను గమనించవచ్చు. భారత ఉపఖండంలో తమను సయ్యదులుగా చెప్పుకునేవారి మీద అలాంటి పరిశోధన ఒకటి 2010లో వెలువడింది. వారందరికీ సమీప కాలంలో ఒకే మూలపురుషుడు ఉన్నట్లు అది చూపలేదు. అయితే ఇరుగుపొరుగువారి కంటే వారిలో అరబ్బుల పోలిక ఎక్కువగా ఉన్నట్లు చూపింది. దీనిని పట్టుకుని ఏ ఒక్క కుటుంబాన్నీ అబద్ధాలకోరు అనే హక్కు ఎవరికీ లేదు. తమ వంశం విషయంలో మనుషుల మాటను నమ్మాలన్నది ఫిఖ్‌హ్ పండితుల ప్రసిద్ధ సూత్రం. ఇతరుల వంశాన్ని ఎత్తిపొడవడం అజ్ఞానకాలపు దుర్గుణమని దైవప్రవక్త (స) హెచ్చరించారు. వంశం చూసుకుని గర్వించడం కూడా అదే కోవకు చెందినదని ఆ హదీసులోనే ఉంది. కాబట్టి పరీక్ష ఫలితం చేత పట్టుకుని ఎగతాళి చేసేవాడూ, షజరా చేత పట్టుకుని మిడిసిపడేవాడూ ఒకే తప్పు చేస్తున్నారు.

మరుగున పడిన తల్లులు

మన దేశం విషయంలో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు విలువైన కృషి చేశారు. వారు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి చేసిన పరిశోధన 2009లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. మన దేశంలో పరిశీలించిన సమూహాల్లో అగ్రకులాలనేవి, ఆదివాసీ తెగలనేవి అన్నీ దాదాపు రెండు ప్రాచీన సమూహాల కలయికేనని, తేడా పాళ్లలోనేనని అది చూపింది. సుమారు 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు ఆ కలయిక విస్తారంగా సాగిందని 2013లో మరో పరిశోధన తెలిపింది. ఆ తర్వాత కులాల గోడలు లేచాయి. భారతీయ ముస్లిముల మీద సీసీఎంబీవారు కూడా పాలుపంచుకున్న 2010 నాటి పరిశోధన, మనలో అధికులు తమ చుట్టుపక్కల ముస్లిమేతరులకే జన్యుపరంగా దగ్గరివారని, బయటి నుంచి వచ్చిన పాలు కొద్దిగానే ఉందని చెప్పింది. ఇందులో సిగ్గుపడవలసినది ఏముంది? మన పెద్దలకు ఇస్లాం రక్తం ద్వారా రాలేదు, హృదయం ద్వారా వచ్చింది. ఇది తక్కువతనం ఎలా అవుతుంది?

తూర్పు ఆఫ్రికా తీరం ఇంకొక పాఠం నేర్పుతుంది. నేటి కెన్యా, టాంజానియా తీరాల్లోని స్వాహిలీ ముస్లిములు తమ పెద్దలు ఇరాన్‌లోని షీరాజ్ నుంచి వచ్చారని తరతరాలుగా చెప్పుకున్నారు. కిల్వా నగర చరిత్ర గ్రంథంలోనూ ఆ మాట ఉంది. అది గొప్ప కోసం అల్లిన కథ అని చాలామంది చరిత్రకారులు కొట్టివేశారు. అక్కడి పాత సమాధుల్లోని 80 మంది డీఎన్ఏను పరిశీలించిన పరిశోధన 2023లో వెలువడింది. క్రీ.శ. 1000 ప్రాంతం నుంచి అక్కడ ఆసియా వారితో కలయిక జరిగిందని, ఆ వచ్చినవారు ప్రధానంగా ఇరాన్ వైపు పురుషులని తేలింది. అంటే ఆ కథలో నిజముంది! అయితే అదే పరిశోధన మరొక సంగతి కూడా చెప్పింది. ఆ సంతానానికి తల్లులు దాదాపుగా ఆఫ్రికా స్త్రీలే. వారిలో చాలామంది డీఎన్ఏలో సగానికి పైగా ఆ తల్లుల నుంచి వచ్చినదే.

షీరాజ్ తండ్రుల పేర్లు గ్రంథానికి ఎక్కాయి. పిల్లల్ని కని, పెంచి, మాటలు నేర్పిన ఆ తల్లుల వంశాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. మన ఇళ్ల గోడల మీది షజరాలూ అంతే కదా! ఆ యువకుడి షజరా నిజమే అనుకుందాము. అది ఒకే ఒక్క పితృరేఖ. ఆ రేఖలోని ప్రతి పురుషునికీ ఒక తల్లి ఉంది. ఆ తల్లులు ఈ నేల మీది స్త్రీలైతే, తొంభై శాతం దక్షిణ భారతం అనే మాట ఆ అవ్వలందరి సాక్ష్యం. వారిని వదిలేసి మూడు శాతం కోసం పాకులాడటం న్యాయమా? తల్లి హక్కును మూడుసార్లు చెప్పి ఆ తర్వాతనే తండ్రి హక్కును చెప్పిన ప్రవక్త (స) అనుచరులకు ఇది తగునా?

దోచుకోబడినవారి వెతుకులాట

వంశాన్ని వెతికేవారందరినీ గర్విష్ఠులుగా జమకట్టడం కూడా తప్పే. అట్లాంటిక్ బానిస వ్యాపారంలో సుమారు కోటీ 25 లక్షల మందిని ఆఫ్రికా నుంచి ఓడల్లో ఎక్కించారు. వారిలో ముస్లిములూ ఉన్నారు. నేటి సెనెగల్ ప్రాంతంలోని ఫూతా తోరోకు చెందిన ఉమర్ బిన్ సయీద్ అనే విద్వాంసుడు వారిలో ఒకరు. ఏళ్ల తరబడి ధార్మిక విద్య అభ్యసించిన ఆ మనిషిని 1807 ప్రాంతంలో అమెరికాకు తరలించారు. 1831లో ఆయన బానిసత్వంలోనే అరబీలో తన జీవితకథ రాశారు. దానిని ముల్క్ సూరాతో ప్రారంభించారు. సర్వాధికారం ఎవరి చేతిలో ఉందో చెప్పే సూరా అది. తనను కొన్నవాడు తన యజమాని కాడని ఆయన అలా చెప్పారేమో!

1850, 1860 జనాభా లెక్కల్లో అక్కడి బానిసల పేర్లు దాదాపుగా రాయలేదు. యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే రాశారు. స్వేచ్ఛ పొందిన ఆ ప్రజల పేర్లు 1870 లెక్కల్లోనే మొదటిసారి నమోదయ్యాయి. అందుకే వారి వారసులు తమ వంశాన్ని వెతుక్కుంటూ వెళితే 1870 దగ్గర గోడ అడ్డం వస్తుంది. వారికి ఈ పరీక్ష గోడలో చిన్న కిటికీ లాంటిది. అదైనా చేదు లేనిది కాదు. ఆఫ్రికన్ అమెరికన్ల డీఎన్ఏలో సగటున 73 శాతం ఆఫ్రికా, 24 శాతం ఐరోపా అని 2015 నాటి ఒక పెద్ద పరిశోధన చెప్పింది. ఆ ఐరోపా భాగం ఎక్కువగా పురుషుల వైపు నుంచి వచ్చినది. బానిసగా ఉన్న స్త్రీ యజమానిని కాదనలేదు కదా! ఆ 24 శాతంలో ఎంత దౌర్జన్యం దాగి ఉందో ఊహించుకోవచ్చు.

మన దేశంలోని సిద్దీల గురించి 2011లో వచ్చిన పరిశోధన కూడా ఇలాంటి ప్రయాణాన్నే చెప్పింది. గుజరాత్, కర్ణాటకల్లో ఉన్న ఆ ప్రజల మూలం ప్రధానంగా ఆఫ్రికాలోని బంటూ జాతులదని, స్థానికులతో కలయిక గత 200 ఏళ్లలో జరిగిందని తేలింది. ఆ ఆఫ్రికన్ అమెరికన్ సోదరుడు వెతుకుతున్నది దోచుకున్న సొత్తును. మన కుర్రవాడి తండ్రి చూపిస్తున్నది గోడకు తగిలించిన అలంకారాన్ని. రెండింటినీ ఒకటిగా చూడలేము.

నసబ్ ఎందుకు?

మరి ధర్మం దృష్టిలో నసబ్‌కు విలువ లేదా? ఉంది. వివాహ నిషేధాలు, వారసత్వం, పోషణ బాధ్యత అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. దత్తు పిల్లలను వారి సొంత తండ్రుల పేర్లతోనే పిలవమని అహ్‌జాబ్ సూరా ఆదేశించింది. బంధుత్వాలు నిలుపుకోవడానికి అవసరమైనంత మేర వంశాలను తెలుసుకోమని తిర్మిజీలోని ఒక హదీసు భావం. హుజురాత్ సూరా 13వ వాక్యం కూడా జాతులుగా, తెగలుగా చేసింది పరస్పర పరిచయం కోసమేనని, అల్లాహ్ దగ్గర గౌరవం భయభక్తులకేనని చెబుతోంది. ఆరు శతాబ్దాల క్రితం ఇబ్నె ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో ఈ హదీసును వివరిస్తూ, వంశం అనేది ఊహతో ముడిపడిన విషయమని, దాని ప్రయోజనమంతా అది కలిగించే అనుబంధంలోనే ఉందని రాశారు. మేము దీనిని మా మాటల్లో ఇలా అర్థం చేసుకున్నాము: ఏ వంశజ్ఞానం వల్ల మన మీద ఒకరి హక్కు ఏర్పడుతుందో ఆ జ్ఞానం ధర్మసమ్మతం. దేనివల్ల మనకు గొప్ప తప్ప ఇంకొకరికి మేలు లేదో అది వట్టి భారం.

బుఖారీ, ముస్లింలలోని రెండు సంఘటనలు చూడండి. తన భార్య నల్లని బిడ్డను కన్నదని అనుమానంతో ఒక పల్లెవాసి దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చాడు. నీ ఒంటెల రంగేమిటని ఆయన అడిగారు. ఎర్రనివన్నాడు. వాటిలో బూడిదరంగువి లేవా అంటే ఉన్నాయన్నాడు. ఆ రంగు ఎక్కడ నుంచి వచ్చిందని అడిగితే, పూర్వపు మూలమేదో లాగి ఉంటుందన్నాడు. నీ బిడ్డ విషయమూ అలాగే కావచ్చని ప్రవక్త (స) నచ్చజెప్పారు. తరాల వెనుక దాగిన పోలిక మళ్లీ పైకి రావచ్చునన్న ఆ ఒక్క మాటతో ఒక స్త్రీ గౌరవం, ఒక బిడ్డ భవిష్యత్తు నిలబడ్డాయి.

రెండవది హజ్రత్ ఉసామా (రజి) సంగతి. ఆయన నల్లనివారు, తండ్రి జైద్ (రజి) తెల్లనివారు. అందువల్ల కొందరు ఆయన పుట్టుకను శంకించేవారు. ఒకరోజు తండ్రీకొడుకులు ముఖాల మీదుగా దుప్పటి కప్పుకుని పడుకుని ఉండగా, పోలికలు పట్టడంలో పేరుపొందిన ముజజ్జిజ్ అనే వ్యక్తి వారి పాదాలు మాత్రమే చూసి, ఈ పాదాలు ఒకదాని నుంచి ఒకటి వచ్చినవేనన్నాడు. దైవప్రవక్త (స) ఎంతో సంతోషించారు. ఆ కాలపు జన్యుపరీక్ష అదే అనుకోవచ్చు. ఆ సంతోషం నిందమోపేవారి నోళ్లు మూతబడినందుకు. అంతకుముందు కూడా ఉసామా (రజి) ఆయనకు ప్రియమైనవారే.

కుఫూ విషయంలో మేము చెప్పని మాట

ఇదే ఉసామా (రజి)ను వివాహం చేసుకోమని ఖురైష్ వంశపు ఫాతిమా బిన్తె ఖైస్ (రజి)కు దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఉసామా (రజి) తండ్రి విముక్తుడైన బానిస. తల్లి అబిసీనియా స్త్రీ. ఆమె మొదట ఇష్టపడలేదు. తర్వాత అంగీకరించారు. అల్లాహ్ ఆ వివాహంలో ఎంతో శుభాన్ని ఉంచాడని, ఇతరులు తనను చూసి ఈర్ష్య పడేవారని ఆమే తెలిపినట్లు ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది.

హనఫీ ఫిఖ్‌హ్‌లో కుఫూ అధ్యాయం ఉందన్నది నిజమే. దంపతుల మధ్య పొత్తు కుదరాలన్నదే దాని ఉద్దేశం. ఇమామ్ మాలిక్ (రహ్మ) అయితే ధర్మపరాయణతనే ప్రధానంగా చూశారు. హనఫీ పండితులు కూడా నసబ్ లెక్క అరబ్బుల మధ్యనే అన్నారు. అరబ్బేతరులు తమ వంశావళులను భద్రపరచుకోలేదు కాబట్టి వారి మధ్య ఇస్లాంను చూడాలన్నారు. ఎవరికి తండ్రి, తాత ఇద్దరూ ముస్లిములో అతడు అనేక తరాల ముస్లిమ్‌తో సమానుడేనన్నారు. మద్రసాలో ఈ పాఠం చదివినవాళ్లమే మేము. దూదేకుల కుటుంబాలు ఎన్నో తరాలుగా ముస్లిములు. అయినా ఆ తండ్రికి మేము సగం పాఠమే అప్పజెప్పాము. ధర్మం, నడవడి నచ్చిన అబ్బాయి వస్తే పెళ్లి చేయండి, లేకుంటే భూమి మీద కల్లోలం రేగుతుందన్న ప్రవక్త (స) హెచ్చరికను దాచిపెట్టాము. మా పేరు ముందు కూడా ‘షేక్’ అని ఉంది. చిన్నతనంలో దానిని అరబ్బు వంశానికి గుర్తుగా చెప్పుకుని మేమూ మురిసినవాళ్లమే. ఆ జబ్బు మాలోనూ ఉండబట్టే నోరు పెగలలేదు.

పరీక్ష చేయించుకునేవారికి

ఇటువంటి పరీక్ష మూలాన్నే నిషిద్ధమని మేము అనడం లేదు. అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మక్కాలోని రాబితాకు చెందిన ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 2002 జనవరిలో జరిగిన 16వ సమావేశంలో దీని గురించి తీర్మానం చేసింది. షరీఅతు ప్రకారం స్థిరపడి ఉన్న వంశాన్ని సరిచూసుకోవడానికి జన్యుపరీక్ష వాడరాదన్నది. ఆసుపత్రిలో శిశువులు తారుమారైనప్పుడు, యుద్ధాల్లో, విపత్తుల్లో పిల్లలు తప్పిపోయినప్పుడు, తండ్రి ఎవరో తెలియని బిడ్డ విషయంలో వివాదం వచ్చినప్పుడు వాడవచ్చన్నది. ఒకరి హక్కును తిరిగి ఇప్పించడానికి తలుపు తీశారు. నిలిచి ఉన్న ఇంటిని కూల్చే తలుపు మూసేశారు.

సరదాగా చేయించుకున్న పరీక్షే ఒక్కోసారి తెలియని అన్నదమ్ములను, దాచిన గుట్టును బయటపెడుతుంది. మన డీఎన్ఏ మన ఒక్కరిదే కాదు. తోబుట్టువులు, పిల్లలు, పినతండ్రి బిడ్డలు అందరి రహస్యం అందులో ఉంది. అమెరికాలోని 23అండ్‌మీ అనే కంపెనీలో 2023లో దాదాపు 69 లక్షల మంది సమాచారం దొంగల చేతిలో పడింది. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది. జూలైలో ఖాతాదారుల సమాచారంతో సహా చేతులు మారింది. అమానతును ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవద్దా?

ఆ యువకుడికి మేము చివరికి చెప్పింది ఇదే: “తమ్ముడూ! నీ షజరా నిజమే కావచ్చు. ఈ పరీక్ష కూడా తన హద్దులో నిజమే. రెండూ కలిసి కూడా నీ విలువను చెప్పలేవు. శంఖం పూరించబడే రోజున బంధుత్వాలు మిగలవని మోమినూన్ సూరా చెబుతోంది. ఎవరిని ఆచరణ వెనక్కి లాగిందో అతడిని వంశం ముందుకు తీసుకుపోదని హదీసు చెబుతోంది. ఈ ఫోను తీసుకెళ్లి మీ నాన్నగారిని మాత్రం చిన్నబుచ్చకు. అంకెలతో ఓడిన మనిషి మారడు, ముడుచుకుపోతాడు. ఆయనకు చెప్పవలసినది నువ్వు కాదు. చెప్పకుండా ఊరుకున్నది మేము.”

మరుసటి జుమా తర్వాత మేమే వారి ఇంటికి వెళ్లాము. మొదటి అబ్బాయికి ఎప్పుడో పెళ్లయిపోయింది. మా మౌనం వల్ల పోయిన ఆ అవకాశాన్ని మేము తిరిగి తేలేము. ఇప్పుడు మరో సంబంధం వచ్చి ఉంది, అదీ అలాంటి కుటుంబమే. గోడ మీది షజరా కింద కూర్చుని, రెండేళ్ల క్రితం చెప్పని మాటలన్నీ చెప్పి, క్షమించమని కోరాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అమ్మాయిని అడుగుతాను” అన్నారు. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఆ అమ్మాయిని ఎవరూ అడగనేలేదు. ఆ ఒక్క మాట మాకు చాలనిపించింది.

అల్లాహ్ మన హృదయాల నుంచి వంశగర్వాన్ని తుడిచివేయుగాక! తెలిసిన సత్యాన్ని సమయానికి చెప్పే ధైర్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.